విశాఖలో కోయి చేపలకు పస్తు పెట్టాల్సింది చలికాలంలో కాదు

పెరటి కొలనుల్లో పెంచుకునే రంగుల కోయి చేపల మేత గురించి ఎవరిని అడిగినా ముందు ఒక ఉష్ణోగ్రతల పట్టిక చేతిలో పెడతారు. నీరు 10 డిగ్రీల లోపుకు దిగితే మేత పూర్తిగా ఆపాలి, 10 నుంచి 15 మధ్య సులువుగా అరిగే గోధుమ మేత కొద్దికొద్దిగా వేయాలి, 18 దాటాక ప్రోటీన్ ఎక్కువున్న మేతకు మారాలి. ఇందులో తప్పేమీ లేదు. కాకపోతే అది మంచు పడే ఊళ్లకు రాసిన లెక్క. కోయి పుట్టిల్లు జపాన్‌లోని నీగాటా కొండ ప్రాంతం. 19వ శతాబ్దం తొలినాళ్లలో అక్కడి వరి రైతులు తిండికోసం పెంచుకునే కార్ప్ చేపల్లో రంగు తేలినవాటిని ఏరి విడిగా పెంచడంతో ఈ చేప మొదలైంది. అక్కడ చలికాలమంటే నిలువెత్తు మంచు. మన ఎంవీపీ కాలనీలోనో మధురవాడలోనో ఒక పెరటి కొలనులో జనవరి తెల్లవారుజామున చెయ్యి పెట్టి చూడండి. నీరు 20 డిగ్రీలకు అటూ ఇటూగా ఉంటుంది. కోయికి అంతకంటే సుఖమైన నీరు ఇంకేం కావాలి?

అందుకే విశాఖకు వచ్చేసరికి ఆ క్యాలెండర్ తిరగబడుతుంది. నవంబరు చివరి నుంచి మార్చి మొదటి దాకా చేపను బాగా మేపుకోవచ్చు. చెయ్యి బిగపట్టాల్సింది ఏప్రిల్ నడిమి నుంచి జూన్ దాకా, ఆ తర్వాత ముసురు రోజుల్లో, తుపాను రోజుల్లో. చలికాలంలో చేపలను పస్తు పెట్టి, మే నెలలో మూడు పూటలా గుప్పెళ్లతో వేసేవాళ్లు మన ఊళ్లో తక్కువేం లేరు. వాళ్ల నీళ్లు ఎందుకు పచ్చబడతాయో, మే చివర్లో పెద్ద చేపే ముందుగా ఎందుకు పోతుందో చూస్తే కారణం సాధారణంగా ఇదే.

అరకు, పాడేరు, లంబసింగి వైపు కొలను ఉన్నవాళ్ల సంగతి వేరు. అక్కడ డిసెంబరు, జనవరి రాత్రుల్లో చలి ఒక్క అంకెలోకి దిగుతుంది. వాళ్లు ఆ జపాన్ పట్టికనే పట్టుకోవాలి.

ముందు థర్మామీటర్, తర్వాత కాటా

చేపకు ఆకలి పుట్టించేది నీటి వేడి. దాని ఒంటికి సొంత వేడి ఉండదు కాబట్టి నీరు ఎంత ఉంటే అదీ అంతే. అందుకని మొదట చేయాల్సిన పని అక్వేరియం షాపులో ఒక గాజు థర్మామీటర్ కొనుక్కుని, దానికి దారం కట్టి, మోచేతి లోతుకు దించి చూడటం. పైపైన ముంచి తీస్తే ఎండకు కాగిన పైపొర లెక్క వస్తుంది. చేప ఉండేది ఆ పొరలో కాదు. పొద్దున ఆరున్నరకు ఒకసారి, మధ్యాహ్నం మూడింటికి ఒకసారి చూసి గోడ క్యాలెండర్ మీద రాసుకోండి. ఈ రెండింటి మధ్య తేడా 4 డిగ్రీలు దాటుతుంటే కొలనుకు లోతు గానీ నీడ గానీ చాలడం లేదని అర్థం. డాబా మీద కట్టిన తొట్లలో ఈ తేడా ఎక్కువ. అలాంటివాళ్లు కింద చెప్పే వేసవి జాగ్రత్తలు మార్చి నుంచే మొదలుపెట్టాలి.

రెండోది బరువు. చేపను నీళ్లలోంచి తీసి తూచనక్కర్లేదు, పొడవును బట్టి అంచనా కట్టొచ్చు. 20 సెంటీమీటర్ల కోయి 120 గ్రాముల దగ్గర ఉంటుంది. 30 సెంటీమీటర్లది 400 గ్రాములు, 40 సెంటీమీటర్లది కిలోకు దగ్గరగా, 50 సెంటీమీటర్లది రెండు కిలోలకు కాస్త తక్కువగా ఉంటాయి. గమనించండి, పొడవు రెట్టింపైతే బరువు ఎనిమిది రెట్లవుతుంది. చేపలు పిల్లలుగా ఉన్నప్పుడు సరిపోయిన ఫిల్టర్ మూడేళ్లకు చేతులెత్తేసేది అందుకే.

మొత్తం బరువులో నూటికి ఒక వంతు మేత, అదీ రోజు మొత్తానికి. ఇది మామూలు లెక్క. 30 సెంటీమీటర్ల చేపలు 8 ఉంటే సుమారు 3 కిలోల 200 గ్రాములు, అంటే రోజుకు 32 గ్రాములు. వంటింటి కాటా మీద ఒక్కసారి తూచి, ఒక ప్లాస్టిక్ కప్పు మీద స్కెచ్ పెన్‌తో గీత పెట్టుకోండి. ఇక రోజూ తూచే పని ఉండదు. కాలాన్ని బట్టి ఆ గీతలో సగమా, పూర్తిగానా, ఒకటిన్నర రెట్లా అన్నదే తర్వాతి నిర్ణయం. 15 సెంటీమీటర్ల లోపు పిల్లలకు మాత్రం నూటికి 3 వంతుల దాకా వేయొచ్చు, అవి ఎదిగే వయసులో ఉంటాయి కదా.

ఆ 32 గ్రాములూ ఒకేసారి బోర్లించకూడదు. కోయికి జీర్ణాశయం లేదు. గొంతు లోపలి పళ్లతో నలిపిన మేత నేరుగా పేగులోకి పోతుంది. నిలవ చేసుకునే చోటు లేనప్పుడు ఎక్కువ తిన్నది సగమే అరిగి బయటికి వచ్చేస్తుంది. మీరు డబ్బు పెట్టి కొన్న ప్రోటీన్ నీళ్లలో చేపకు హాని చేసే అమ్మోనియా అవుతుంది, అంతే. రెండు మూడు విడతలుగా, విడతకు 5 నిమిషాల్లో పూర్తిగా అయిపోయేటట్టు వేయండి. 5 నిమిషాల తర్వాత ఇంకా గుళికలు తేలుతుంటే వలతో తీసేసి, రేపు అంత తగ్గించండి.

నోరు తెరిస్తే ఆకలని కాదు

తెల్లవారగానే కొలను దగ్గరకు వెళితే చేపలన్నీ పైకి వచ్చి నోళ్లు తెరిచి మూస్తుంటాయి. చూడటానికి వచ్చిన పెద్దవాళ్లెవరో ఒకరు అంటారు: "ఏం బాబూ, పాపం ఆకలితో నోళ్లు తెరుస్తున్నాయి, గుప్పెడు మరమరాలైనా వెయ్యకూడదూ?" ఇక్కడే చాలా చేపలు చచ్చిపోతాయి.

ఆకలిగా ఉన్న కోయి మీ నీడ పడగానే మీ వైపు ఈదుకుంటూ వస్తుంది. రెక్కలు విప్పి చురుగ్గా తిరుగుతుంది, ఒకదాన్నొకటి తోసుకుంటుంది. గాలి చాలని కోయి మీ వైపు రాదు. ఉన్నచోటే, లేదా నీరు పడే చోట, ముట్టె పైకెత్తి, మొప్పలు గబగబా కొట్టుకుంటూ నిలబడిపోతుంది. మీరు అటు నడిచినా ఇటు నడిచినా కదలదు. ఈ రెంటికీ తేడా ఒక్కసారి కనిపెడితే మళ్లీ మర్చిపోరు.

నాచు, మొక్కలు పగలు ఆక్సిజన్ వదులుతాయి గానీ రాత్రంతా అవీ పీల్చుకుంటాయి. దాంతో నీళ్లలో ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువుండేది సరిగ్గా తెల్లవారే వేళ. తిన్న చేపకు అరిగించుకోవడానికి మామూలు కంటే ఎక్కువ ఆక్సిజన్ కావాలి, అదీ కొన్ని గంటలపాటు. గాలి చాలని చేపకు మేత వేయడం అంటే ఎగశ్వాసతో ఉన్నవాడి చేత మెట్లెక్కించడమే. అలా కనబడితే మేత డబ్బా మూసి, నీళ్లలోకి గాలి బుడగలు పంపే ఏరేటర్ వేయండి. పంపు పైపును పైకెత్తి నీళ్లు ఎత్తు నుంచి పడేలా చేయండి. ఎండ వచ్చాక చేపలు చెదిరి మామూలుగా తిరగడం మొదలుపెడితే, అప్పుడు ఆలోచిద్దాం మేత సంగతి.

ఈ ఒక్క కారణంగా మొదటి విడత మేత ఏ కాలంలోనైనా పొద్దెక్కిన గంటన్నర తర్వాతే. చివరి విడత సూర్యుడు దిగడానికి రెండు గంటల ముందే అయిపోవాలి. ఆఫీసు నుంచి వచ్చి రాత్రి ఎనిమిదికి లైట్లు వేసి మేపడం సరదాగానే ఉంటుంది, చేపకు మాత్రం మంచిది కాదు.

ఏం వేయాలి

తేలే గుళికల మేతే కొనండి. ఎంత తిన్నాయో, ఎంత మిగిలిందో కళ్లకు కనబడుతుంది. పైకి రాని చేప ఏదో కూడా తెలిసిపోతుంది. జబ్బుకు మొదటి గుర్తు అదే. 15 సెంటీమీటర్ల లోపు చేపలకు 2 నుంచి 3 మిల్లీమీటర్ల గుళిక, అక్కణ్నుంచి 35 దాకా 4 నుంచి 5, ఆపైన 6 మిల్లీమీటర్లు. చిన్నా పెద్దా కలిసి ఉంటే చిన్న గుళికే వేయండి. పెద్దవి చిన్న గుళిక తినగలవు, చిన్నవి పెద్దది మింగలేవు.

గోదావరి జిల్లాల చేపల చెరువులకు వెళ్లే తేలే మేత వాడొచ్చా అని చాలామంది అడుగుతారు. వాడొచ్చు. కోయి కూడా కార్పే. అందులో ప్రోటీన్ సాధారణంగా 24 నుంచి 28 శాతం ఉంటుంది, వేసవికి అది సరిపోతుంది కూడా. చిక్కల్లా బస్తాతోనే. ఇంట్లో ఉన్న ఎనిమిది చేపలు ఆ బస్తా ఖాళీ చేసేలోపు అందులోని నూనె ముక్కిపోతుంది. ముగ్గురు నలుగురు కలిసి పంచుకుంటే తప్ప బస్తా జోలికి పోవద్దు. రొయ్యల మేత మాత్రం వద్దు. అది మునిగిపోయే మేత, అడుగున చేరి కుళ్లుతుంది.

రంగు మేతలంటారు, స్పైరులినా, అస్టాజాంథిన్ కలిసినవి. ఎరుపు బాగా తేలుతుంది, నిజమే. ఏడాది పొడుగునా వేస్తే తెల్లగా ఉండాల్సిన చోట లేత గులాబీ, పసుపు చాయలు తిరుగుతాయి. కోయి అందమంతా ఆ తెలుపు శుభ్రంగా ఉండటంలోనే ఉంది. చలికాలంలో ఒక నెలా నెలన్నర వేసి ఆపేయండి.

ఇంట్లోవి కూడా పెట్టొచ్చు. ఉడికించి తొక్క తీసిన పచ్చి బఠాణీ, పాలకూర, పుచ్చకాయ ముక్క, కమలా తొనలు, పెరట్లో తొట్టిలో పెంచిన అజొల్లా అనే నీటి మొక్క, ఇవన్నీ వారానికి రెండుసార్లు. పుచ్చకాయ ముక్కను తొక్కతో సహా నీళ్లమీద వదిలితే ఎర్రటి గుజ్జంతా గీరి తిని, పల్చటి పచ్చటి దొన్నెలా తొక్కను మిగులుస్తాయి. ఆ తొక్కను సాయంత్రం తీసేయడం మర్చిపోకండి. బ్రెడ్డు, బిస్కెట్లు, మరమరాలు, బూందీ వద్దు. గుడి కోనేటి చేపలకు మరమరాలు వేయడం మనకు అలవాటు కాబట్టి ఇంటికొచ్చినవాళ్ల చెయ్యి ఊరుకోదు. వాళ్ల కోసం కొలను గట్టున ఒక చిన్న డబ్బాలో ఆ పూట విడత మేత పెట్టి ఉంచండి. "ఇది వెయ్యండి" అంటే వాళ్లకీ సంతోషం, చేపకీ మేలు.

చలికాలం: నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి

మన దగ్గర కోయి ఎదిగే కాలం ఇదే. నీరు 21 నుంచి 26 మధ్య ఉంటుంది, వాన బెడద తగ్గుతుంది, నీళ్లలో ఆక్సిజన్ బాగుంటుంది. 20 డిగ్రీల నీరు లీటరుకు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకోగలదు. అదే 30 డిగ్రీల నీరు ఏడున్నర దగ్గర ఆగిపోతుంది. వేడి పెరిగేకొద్దీ చేపకు కావలసింది పెరుగుతుంది, నీళ్లలో ఉన్నది తగ్గుతుంది. ఆ రెండూ ఎదురెదురుగా పోని కాలం ఇదొక్కటే.

కప్పు గీతను ఒకటిన్నర రెట్లకు పెంచండి. 35 నుంచి 40 శాతం ప్రోటీన్ ఉన్న మేతను మూడు విడతలు, ఎనిమిదిన్నరకు, పన్నెండున్నరకు, మూడున్నరకు వేయండి. ఉద్యోగాలకు వెళ్లేవాళ్లు రెండు విడతలే వేసినా నష్టం లేదు. పెంచడం కూడా ఒక్కరోజులో కాదు, వారం పది రోజుల్లో మెల్లగా. మేత పెరిగిందంటే ఫిల్టర్ మీద బరువు పెరిగినట్టే కాబట్టి, మొదటి రెండు వారాల్లో మేత వేసిన నాలుగైదు గంటలకు ఒకసారి అమ్మోనియా పరీక్ష చేయండి. సున్నా కాకుండా ఏ రంగు కనబడినా పాత మోతాదుకు రండి.

సంక్రాంతి ముందు కొన్ని రాత్రులు చలి బాగా ఉండి పొద్దుటి నీరు 19కి దిగితే పొద్దుటి విడత మానేసి మధ్యాహ్నమే వేయండి. గోధుమ మేత కోసం ఊరంతా తిరగక్కర్లేదు.

ఫిబ్రవరి, మార్చిల్లో ఒక తెల్లవారుజామున మగ చేపలు ఒక పెద్ద ఆడ చేపను గోడకేసి తరుముతూ, నీళ్లన్నీ చిందరవందర చేస్తూ కనబడొచ్చు. అది గుడ్లు పెట్టే హడావుడి. నీళ్ల మీద నురగ వస్తుంది, అమ్మోనియా పెరుగుతుంది. పైగా పెట్టిన గుడ్లను అవే తినేస్తాయి. ఆ రోజు, మర్నాడు మేత వద్దు. మూడో వంతు నీళ్లు మార్చండి. జీవీఎంసీ కుళాయి నీళ్లయితే క్లోరిన్ పోవడానికి అక్వేరియం షాపుల్లో దొరికే హైపో కలపండి, లేదా వేరే డ్రమ్ములో ఏరేటర్ పెట్టి ఒక రోజంతా ఉంచి వాడండి.

ఎండాకాలం: ఏప్రిల్ నుంచి జూన్ నడిమి

పొడి ఎండ ఉన్న ఊళ్లలో కొలను నీరు ఆవిరవుతూ తనంతట తాను కొంత చల్లబడుతుంది. సముద్రం పక్కనున్న మనకు గాలిలోనే తేమ నిండి ఉంటుంది కాబట్టి ఆ సాయం తక్కువ. రాత్రి పది దాటినా నీరు వేడిగానే ఉంటుంది. విశాఖ ఎండ థర్మామీటర్‌లో చూస్తే విజయవాడంత ఉండదు, చేప దగ్గరకు వచ్చేసరికి మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు.

పొద్దుటి నీరు 28 దాటిన రోజు నుంచి చలికాలపు మోతాదు వదిలేసి కప్పు గీతకు రండి. 30 దాటితే గీతలో సగం, అదీ ఒకే విడత, పొద్దున ఏడున్నర ఎనిమిది మధ్య, ఏరేటర్ నడుస్తుండగా. మధ్యాహ్నం నీరు 32 దాటుతున్న వారాల్లో రోజు విడిచి రోజు వేస్తే చాలు. మధ్య రోజుల్లో పుచ్చకాయ, పాలకూర. ప్రోటీన్ 30 శాతం లోపు మేతకు మారండి. చేప చిక్కిపోతుందేమోనని బెంగ వద్దు. చలికాలంలో బాగా మేసిన చేప ఈ రెండు నెలలు తేలిగ్గా గడిపేస్తుంది.

ఇంత బిగింపు ఎందుకంటే అమ్మోనియా వల్ల. అది నీళ్లలో రెండు రూపాల్లో ఉంటుంది, ఒకటి అంతగా హాని చేయనిది, రెండోది విషం. పీహెచ్ 8 ఉన్న నీళ్లలో, 20 డిగ్రీల దగ్గర నూటికి 4 వంతులు విషరూపంలో ఉంటే, 30 డిగ్రీల దగ్గర ఏడున్నర వంతులు అలా మారతాయి. అంటే జనవరిలో చేప ఓర్చుకున్న అదే మోతాదు మేత, అదే ఫిల్టర్, మే నెలలో దాదాపు రెట్టింపు విషం. ఆక్సిజన్ తగ్గింది, విషం పెరిగింది, ఈ రెండూ కలిసినప్పుడు ముందు పోయేది కొలనులోకెల్లా పెద్ద చేప. దానికే ఎక్కువ గాలి కావాలి మరి.

కొలనులో సగం మీదైనా ఆకుపచ్చ షేడ్ నెట్ కట్టండి. ఆవిరైన నీటిని సన్నటి ధారగా, సాయంత్రం పూట నింపండి. బోరు నీళ్లయితే ఎత్తు నుంచి పడేలా వదలండి, భూమిలోంచి వచ్చిన నీళ్లలో ఆక్సిజన్ బాగా తక్కువ. లాసన్స్ బే, రుషికొండ వైపు బోర్లు కొన్ని ఉప్పగా ఉంటాయి. వాటిని నేరుగా నింపే ముందు ఒకసారి నాలుక మీద వేసుకుని చూడండి.

ఉసిళ్ల రాత్రి

జూన్‌లో తొలి జల్లు పడ్డ రాత్రి వీధి దీపాల చుట్టూ ఉసిళ్లు ముసురుతాయి. కొలను పక్కన లైటు వెలుగుతుంటే అవన్నీ రెక్కలు రాల్చుకుంటూ నీళ్లలో పడతాయి. కోయికి అది పెళ్లి భోజనం. చప్ చప్‌మని చప్పుడు చేస్తూ పొట్ట పగిలేలా మేస్తాయి, మర్నాడు మత్తుగా అడుగున పడుకుంటాయి. ఉసిళ్లలో కొవ్వెక్కువ, అవి పడేదీ ఆక్సిజన్ తగ్గే రాత్రి వేళే. ఆ రాత్రి కొలను దగ్గరి లైట్లు ఆర్పేయండి. అప్పటికే తినేసి ఉంటే మర్నాడంతా మేత మానేయండి. తేలుతున్న రెక్కలను వలతో తీసేయండి, లేకపోతే పంపు జాలీకి అట్టలు కడతాయి.

వానలు: జూలై నుంచి సెప్టెంబరు

ఈ మూడు నెలల్లో రోజును బట్టి మేత. ఎండ కాసిన రోజు కప్పు గీత నిండా, రెండు విడతలు. మబ్బు పట్టి ఉంటే సగం. రెండు రోజులుగా ముసురు వదలకపోతే సున్నా. ఎండ లేకపోతే నాచు ఆక్సిజన్ ఇవ్వదు, పచ్చగా ఉన్న నీళ్లయితే నాచు ఒక్కసారిగా చచ్చి కుళ్లే ప్రమాదం కూడా ఉంటుంది.

వాన నీరు మెత్తటి నీరు. గట్టి వాన కొలనులోకి నేరుగా పడితే నీటికున్న క్షారత్వం పల్చబడి, పీహెచ్ ఒక్కసారిగా దిగుతుంది. డాబా నీళ్ల గొట్టం కొలనులోకి మళ్లించి మురిసిపోయేవాళ్లకు ఇది ముఖ్యంగా చెప్తున్నాను. గట్టి వాన తర్వాత చేపలు మేతకు రాకపోతే బలవంతం చేయొద్దు. పరీక్ష కిట్‌తో క్షారత్వం చూడండి. 80 పీపీఎం కంటే తక్కువుంటే 1,000 లీటర్లకు 30 గ్రాముల వంటసోడా నీళ్లలో కరిగించి పోయండి. దాంతో సుమారు 18 పీపీఎం పెరుగుతుంది. ఇంకా కావాలంటే మర్నాడు మళ్లీ పోయండి, ఒకేరోజు కాదు. బట్టల సోడా కాదు, వంటసోడా.

తుపాను రోజులు: అక్టోబరు, నవంబరు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ మన ఊరి మీదే తీరం దాటింది. ఆ తర్వాత కరెంటు లేని రోజులు విశాఖవాళ్లకెవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. కరెంటు లేదంటే పంపు లేదు, ఏరేటర్ లేదు, ఫిల్టర్ లేదు. అలాంటప్పుడు కడుపు నిండా తిన్న చేపకంటే ఖాళీ కడుపుతో ఉన్న చేపకే బతికే అవకాశం ఎక్కువ. ఖాళీ కడుపు చేపకు ఆక్సిజన్ తక్కువ సరిపోతుంది, అది వదిలే అమ్మోనియా కూడా తక్కువే.

పోర్టులో ప్రమాద హెచ్చరిక నంబరు పెంచారనో, తీరం దాటేది మన దగ్గరేననో విశాఖ తుపాను హెచ్చరికల కేంద్రం చెప్పిందంటే, గాలి రాకముందు ఒక పూర్తి రోజు మేత ఆపేయండి. పెద్ద కోయి ఆరోగ్యంగా ఉంటే రెండు వారాలు ఏమీ తినకపోయినా దానికేం కాదు. బ్యాటరీతో నడిచే ఏరేటర్ ఒకటి చార్జి చేసి పెట్టుకోండి. నీటిమట్టం ఒక జానెడు దించి, పొంగి పోయే గొట్టానికి జాలీ బిగించండి. షేడ్ నెట్ విప్పేయండి, చిరిగి కొలనులో పడితే చేపలు అందులో చిక్కుకుంటాయి.

కరెంటు వచ్చాక అందరికీ చేపల మీద జాలి పుట్టి ముందు మేత వేసేస్తారు. ఆగండి. ఫిల్టర్‌లో అమ్మోనియాను తినే మంచి బ్యాక్టీరియాకు కూడా ఆక్సిజన్ కావాలి. గంటల తరబడి నీరు కదలకపోతే అది చచ్చి, లోపలి నీరు మురుగు కంపు కొడుతుంది. ఆ నీటిని కొలనులోకి వదలకండి. ఫిల్టర్ తెరిచి, మురికిని బయటికి పారబోసి, లోపలి స్పాంజీలను కొలను నీళ్లతోనే జాడించి, అప్పుడు పంపు వేయండి. ఒక రోజు నడిచాక అమ్మోనియా చూసి, సున్నా అయితే గీతలో పావు వంతు వేయండి. సున్నా కాకపోతే కొంత నీరు మార్చి ఇంకో రెండు రోజులు ఆగండి. మామూలు మోతాదుకు రావడానికి కనీసం రెండు వారాలు తీసుకోండి. ఫిల్టర్ కొత్తదానితో సమానమైతే నెలపైనే పడుతుంది.

ఇదే రోజుల్లో కార్తీక మాసం కూడా వస్తుంది. ఇంట్లో కొలను ఉంది కదా అని అందులో దీపాలు వదులుతారు. దొన్నె ఒరిగి నూనె పడితే నీటి మీద పొరలా పరుచుకుని గాలి లోపలికి పోనివ్వదు. దీపాలు వదలాలనుకుంటే ఒక ఇత్తడి పళ్లెంలోనో ఉరులిలోనో నీళ్లు పోసి కొలను గట్టున పెట్టుకోండి. అందం ఏమీ తగ్గదు.

మేత నిలవ

విశాఖ తేమకు మేత పాడవడం పెద్ద పని కాదు. విప్పిన సంచీని గట్టున వదిలేస్తే వారంలో గుళిక మెత్తబడుతుంది, తర్వాత బూజు. బూజు పట్టిన మేత చేప కాలేయాన్ని దెబ్బతీస్తుంది, కంటికి కనబడకముందే. నెలకు సరిపడా మేతను మూత బిగుతుగా ఉండే స్టీలు డబ్బాలో పోసుకుని, మిగతాది గాలి తీసి కట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. వేసే ముందు నాలుగు గుళికలు అరచేతిలో నలిపి వాసన చూడండి. చేప వాసన, గానుగ చెక్క వాసన రావాలి. పాత వేరుశనగ నూనెలా ముక్కిపోయిన వాసన వస్తే, ఎంత ఖరీదైనదైనా మొక్కల కుండీలో వేసేయండి. తడి చేత్తో డబ్బాలో చెయ్యి పెట్టొద్దు. పిల్లల చేత మేత వేయిస్తుంటే డబ్బా వాళ్ల చేతికివ్వకుండా కప్పులో పోసి ఇవ్వండి.

ఊరెళ్లేటప్పుడు

సంక్రాంతికి నాలుగు రోజులు ఊరెళుతుంటే చేపలకు మేత ఏర్పాటు అక్కర్లేదు. నాచు గీరుకుంటూ హాయిగా ఉంటాయి. వారం దాటితేనే ఎవరికైనా చెప్పండి, అప్పుడు కూడా డబ్బా అప్పగించకండి. వాచ్‌మన్‌కు మీ కప్పు గీత అర్థం కాదు, చేప పైకి వచ్చినప్పుడల్లా అతనికి జాలేస్తుంది. గీతలో సగం చొప్పున తూచి కాగితం పొట్లాలు కట్టి, ఒక్కోదాని మీద తేదీ రాసి ఇవ్వండి, రోజు విడిచి రోజుకు ఒక పొట్లం. డబ్బాను బీరువాలో పెట్టి తాళం వేయండి. కరెంటు పోతే ఆ రోజు పొట్లం విప్పొద్దని చెప్పి, పంపు స్విచ్ ఎక్కడుందో, ఫోన్ ఏ నంబరుకు చేయాలో గోడ మీద పెద్దక్షరాలతో రాసి అంటించి వెళ్లండి.